మా బ్లాకు కింద ఒక మర

హిదార్ 3

మెట్ల గోడకు గాషె దెగెఫు ఒక కాగితం అంటించాడు. మా బ్లాకు కమిటీకి పెద్దా ఆయనే, గుమాస్తా ఆయనే. కాగితం అంటించిన జిగురు కూడా ఆయన ఇంట్లోదే.

"కింద మూల షట్టరు గది తీసుకున్న తిరువర్క్ గారు మన అభిప్రాయం అడుగుతున్నారు. అక్కడ ఏ కొట్టు పెడితే మీకు ఉపయోగం? పేరు, ఇంటి నంబరు, కోరిక రాయండి." కోరిక అని రాశాడు, మేరీ మాత ముందు మొక్కుకోమన్నట్టు.

ఈ బ్లాకుల్లోకి వచ్చి రెండేళ్లు. కింద ఏడు షట్టర్లూ మూసే ఉన్నాయి. సబ్బు కావాలన్నా రోడ్డు దాటి, ఇసుక గుట్టలు దాటి వెళ్ళాలి. నేను చూసేసరికి కాగితం సగం నిండింది. మందుల షాపు, మాంసం కొట్టు, జిరాక్స్, మళ్ళీ మాంసం కొట్టు. బీరు దుకాణం అని రాసినవాడు పేరు రాయలేదు. నేను పైకొచ్చి పెన్ను తీసుకెళ్ళి రాశాను: "పిండి మర. కారం, షిరో పప్పుపొడి, తెఫ్ గింజలు పట్టించుకోవడానికి. యెషిమెబెత్, నాలుగో అంతస్తు, 31." నా రాత గుండ్రంగా ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసులో టైపు చేసినా చేతిరాత పోలేదు.

రెండో అంతస్తులో హిరుత్ ఎదురైంది, చంకలో పిల్ల. "మర ఎందుకు ఎతియే, కారం ప్యాకెట్లలో దొరుకుతోందిగా?" అంది.

"ప్యాకెట్లో ఉండేది కారమేనని నీకెవరు చెప్పారు?" అన్నాను. నవ్వింది.

ఊరికే రాశాను. మర మీద నాకేమీ పట్టుదల లేదు.

హిదార్ 5

మిరపకాయలకు తొడిమలు తీశాను. ఒక్క మనిషికి ఇన్ని ఎందుకు కొన్నానో.

హిదార్ 12

ఊరంతా పొగ. పాత పేటలో ఈ రోజు ఎవరి గేటు ముందు వాళ్ళు చెత్త కాల్చేవాళ్ళం, తెగులు పోవాలని. వుదినేష్ తవుడు బస్తా ఈడ్చుకొచ్చి మంటలో కుమ్మరించి, "ఇవి నా పాపాలే, కాస్త ఎక్కువ సేపు కాలతాయి, ఎవరూ కంగారు పడొద్దు" అనేది.

ఇక్కడ కాపలా మనిషి ఒప్పుకోలేదు. "కొత్తగా రంగేశారమ్మా, మసి పడుద్ది" అన్నాడు. చెత్త సంచి పట్టుకుని కాసేపు నిలబడి పైకి వచ్చేశాను. అవతలి కొండ మీద పొగలు లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చి ఆపేశాను.

ఆ పేరు ఇందులో రాయకూడదనుకున్నాను. రాశాను. సరే.

హిదార్ 19

కింద మీటింగ్. దెగెఫు లెక్క చదివాడు. మాంసం కొట్టుకి పద్నాలుగు, మందుల షాపుకి తొమ్మిది, మిగతావి తలా రెండూ మూడూ. "పిండి మర, ఒకటి," అని నా వైపు చూడకుండా చదివాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"చాలామంది కాగితమే చూడలేదు గాషె. నాకో కాగితమివ్వండి, ఇంటింటికీ వెళ్ళి అడిగొస్తా," అన్నాను.

"మోకాళ్ళ నొప్పులన్నారు కదమ్మా?"

"మెట్లు దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు లేదు."

అబద్ధం. రెండింటికీ ఉంది.

హిదార్ 24

నాలుగు రోజులుగా తలుపులు తడుతున్నాను. రెండేళ్లలో ఈ తలుపుల వెనక ఎవరున్నారో నాకు తెలియలేదు, నేనున్నానని వాళ్ళకీ తెలియలేదు.

7వ నంబరులో ఒక పెద్దాయన, ఒకప్పుడు ఫుట్‌బాల్ రిఫరీ. ఈల ఇంకా మెడలోనే ఉంది. ఆయనకి క్షౌరశాల కావాలట. "కానీ మాట్లాడని మంగలి కావాలి. రాయి, మాట్లాడని, అని రాయి." ఆ మాట చెప్పడానికి నన్ను ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడాడు.

12లో ఇద్దరు నర్సులు. పొద్దున్నే వేడి ఇంజెరా రొట్టెలు అమ్మే మనిషి కావాలట, వాళ్ళు డ్యూటీ నుంచి వచ్చే వేళకి. 15లో ఆమెకి పాత చెప్పులు కుట్టేవాడు. "కొత్తవి అమ్మేవాళ్ళు ఎక్కడైనా ఉంటారమ్మా, బాగుచేసేవాళ్ళే పోయారు." 19లో పదేళ్ల పిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, తలుపు గొలుసు తియ్యకుండానే చెప్పింది: "ఐస్‌క్రీం. లేదంటే సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు. రెండూ రాయొచ్చా?" రెండూ రాశాను.

హిరుత్ మొదట ఏమీ చెప్పలేదు. పిల్లని భుజం మీద వేసుకుని తిరుగుతూ తిరుగుతూ, "రోజుకి రెండు గంటలు దీన్ని ఎవరైనా చూసుకుంటే చాలు. అలాంటి కొట్టుంటుందా?" అంది. ఉంటుందన్నాను. రాశాను. తర్వాత అంది, "మా అమ్మ కారం పంపింది, ముక్కలు ముక్కలుగానే ఉంది. మర ఉంటే బాగుండేదే. నన్ను కూడా మరలోకే రాసెయ్యండి."

మరకి ఇరవై రెండు ఇళ్లు. అందరూ కారానికి మార్కెట్ దాకా వెళ్ళి, వరసలో నిలబడి, బస్సులో తుమ్ముతూ వచ్చేవాళ్ళే. నేనొక్కదాన్నే అనుకున్నాను.

మొత్తం నలభై ఒక్క మందితో మాట్లాడాను. గొంతు బొంగురు పోయింది.

తాహ్సాస్ 2

తిరువర్క్ వచ్చింది. చలాకీ మనిషి, వేలికి తాళాల గుత్తి తిప్పుతూనే ఉంటుంది. లెక్క చూసి, "ఇరవై రెండు ఇళ్లంటే మాటలు కాదు. ఒప్పుకుంటాను. కానీ ఆడించే మనిషేరీ? మాంసం కొట్టుకి నా దగ్గర ముగ్గురు కాచుకుని ఉన్నారు. మర తెలిసినవాళ్ళు ఒక్కరూ రాలేదు," అంది.

"కాస్త టైమివ్వండి," అన్నాడు దెగెఫు.

"టిర్ నెలాఖరు దాకా ఆగుతాను. మనిషిని తెండి, గది ఇస్తాను." నా వైపు తిరిగింది. "ఇంత కష్టపడి తిరిగారు. మీకు తెలిసినవాళ్ళెవరూ లేరా?"

తాహ్సాస్ 3

లేరు అన్నాను.

తాహ్సాస్ 9

రాస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు.

పాత పేటలో మా రెండు ఇళ్లకీ మధ్య ఒక్క రేకుల గోడ. అవతల వుదినేష్ మర. పందొమ్మిదేళ్లు. పొద్దున్నే మర మొదలైతే నా బల్ల మీద గ్లాసులు కదిలేవి. మధ్యాహ్నం ఆపగానే, "యెషీ, కాఫీ!" అని రేకుల మీద ఒక దెబ్బ. ఎంత కడుక్కున్నా ఆమె చేతులకి ఘాటు పోయేది కాదు, కాఫీకి కూడా తగిలేది. భర్త పోయిన ఏడాది నేను తిన్నదంతా ఆ గోడ మీదుగా వచ్చిందే.

పేట పడగొట్టి అందరికీ బ్లాకుల్లో ఇళ్లిస్తామన్నారు. కొట్టుకి అనుమతి కాగితం ఉన్నవాళ్ళకి ఇంటితో పాటు షట్టరు గది. ఆ జాబితా టైపు చేసింది నేనే. గడువుకి నాలుగు రోజుల ముందు వుదినేష్ తన కాగితం నా చేతికిచ్చింది. "అక్కడే ఉంటావుగా, ఇచ్చెయ్యవే" అంది. చూస్తాలే అన్నాను. సంచిలో పెట్టుకున్నాను.

ఆ వారం ఆఫీసులో మా పెద్దాయన చిర్రుబుర్రులాడుతున్నాడు. చుట్టాలవీ పొరుగువాళ్ళవీ కాగితాలు తెచ్చేవాళ్ళని అందరి ముందూ కడిగేస్తున్నాడు. నాకు పింఛనుకి ఐదు నెలలుంది. రేపిద్దాంలే అనుకున్నాను. రేపు కూడా అలాగే అనుకున్నాను. గడువు దాటింది. ఆమె పేరు ఎదురుగా "లేదు" అని టైపు చేశాను.

"ఆఫీసు వాళ్ళు ఒప్పుకోలేదే" అని చెప్పాను.

నెల తర్వాత తనే వెళ్ళి అడిగితే, కాగితం మాకు అందనే లేదన్నారట. ఆ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చింది. తిట్టలేదు. "యెషిమెబెత్ టైపు చేస్తే ఒక్క తప్పుండదని పేటంతా చెప్పుకుంటారు," అంది. వెళ్ళిపోయింది. ఇళ్లకి తీసిన చీటీల్లో ఆమెకి ఊరి ఆ కొస వచ్చింది, నాకు ఈ కొస.

ఆ కాగితం ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది.

తాహ్సాస్ 20

వెళ్ళాను. ఎందుకంటే మర తెలిసిన మనిషి కావాలి, ఇరవై రెండు ఇళ్లవాళ్ళు నా మీద ఆశ పెట్టుకున్నారు. అందుకే వెళ్ళాను.

తలుపు తీసి, చూసి, పక్కకి జరిగింది. చిక్కిపోయింది. ముందు గదిలో, సోఫా ఉండాల్సిన చోట, మర. దుప్పటి కప్పి ఉంది, పైన పూల గుడ్డ పరిచి ఉంది. దాని మీద కూతురి పెళ్ళి ఫోటో.

"అమ్మెయ్యమంటుంది మా అమ్మాయి. ఎవరు కొంటారు? ఇనుము కిందే కొంటారు," అంది.

కాఫీ కాచింది. గింజలు వేయించి, దంచి, అంతా పద్ధతిగానే. ఒక్క కప్పు పోసింది. పోసి కుండ పక్కన పెట్టేసింది. మూడు కప్పులు తాగించకుండా శత్రువునైనా లేవనివ్వని మనిషి.

షట్టరు సంగతి చెప్పాను. మూల గది, గాలి వస్తుంది, ఇరవై రెండు ఇళ్లు, తిరువర్క్ మంచిది. చెబుతూనే ఉన్నాను. మధ్యలో ఆపింది.

"కాగితం ఉందా?"

"పోయింది."

"పోతే పోయింది. నీ చేతికిచ్చానని రాసివ్వు. ఇక్కడ మా బ్లాకు కింద రెండు గదులు మిగిలాయి. టిర్ ముప్పై దాకా అర్జీలు తీసుకుంటున్నారు. సాక్ష్యం కావాలన్నారు. నాకు నీ మర గది అక్కర్లేదు యెషీ, నీ సంతకం కావాలి."

"చూస్తాను."

"అప్పుడు కూడా చూస్తాలే అనే అన్నావు."

నేను లేచాను. గుమ్మం దాకా వచ్చింది.

"అర్జీ తేలకపోతే వస్తాను. బతకాలిగా. మీ కింద మర ఆడిస్తాను, రోజూ నీ మొహం చూస్తాను. అదే కదా నీకు కావాల్సింది?"

అదేం కాదన్నాను.

తాహ్సాస్ 22

జలుబు. ఆ ఇంట్లో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

తాహ్సాస్ 30

క్రిస్మస్ పండగ వెళ్ళింది. హిరుత్ కోడికూర పంపింది, గిన్నె చిన్నది. ఆఫీసులు ఇంకా పూర్తిగా తెరవలేదు. తెరిచినా ఇప్పుడు రద్దీగా ఉంటుంది.

టిర్ 4

సాక్ష్యం రాయాలంటే సరైన మాటలు చూసుకోవాలి. తొందరపడితే ఆమెకే నష్టం.

టిర్ 11

యేసు బాప్తిస్మం పండగకి ఊళ్ళోవాళ్ళంతా తెల్ల బట్టల్లో నీళ్ళ దగ్గరికి వెళ్ళారు. కిటికీలోంచి డప్పులు వినిపించాయి. హిరుత్ రమ్మంది. మోకాళ్ళన్నాను.

టిర్ 17

దెగెఫు దగ్గర తాళం తీసుకుని మూల గది చూశాను. కొలిచాను కూడా, ఎనిమిది అడుగులు బై పన్నెండు. మర గోడ నుంచి కాస్త ఎడంగా పెట్టాలి. వరసలో నిలబడేవాళ్ళకి ఎడమ పక్కన బెంచీ. ఆమె శాలువా తగిలించుకోవడానికి మేకు ఒకటి కావాలి, మర ఆడేటప్పుడు శాలువా తీసేస్తుంది.

నిలబడి చూస్తే పైన మూడు అంతస్తుల తర్వాత నా కిటికీ. కేకేస్తే వినిపిస్తుంది.

"దొరికిందా మనిషి?" అన్నాడు దెగెఫు.

"దొరికేటట్టే ఉంది," అన్నాను.

ఇంకా పదమూడు రోజులు.

టిర్ 21

తొమ్మిది.

టిర్ 26

మధ్యాహ్నం ఫోన్ మోగింది. వుదినేష్. గొంతు తగ్గించి మాట్లాడింది, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు.

"అర్జీ మీద ఆశ లేదు. మళ్ళీ వెళ్ళాను, సాక్ష్యం లేకుండా రావద్దన్నారు. ఆ గది ఇంకా ఉందా? మీరు చెబితే ఆ తిరువర్క్ గారు ఇస్తారని అన్నారు కదా. మీరే కాస్త చూడండి. ఇంట్లో మర అడ్డంగా ఉంది, మా దగ్గరే ఉంటున్న అల్లుడు ఏమీ అనడు గానీ... మీకు శ్రమే."

నాలుగు రోజులాగితే ఆమె నాకు దగ్గరికొస్తుంది. నేను కోరుకున్నదే.

వుదినేష్ నన్ను మీరు అంది. పందొమ్మిదేళ్లు నన్ను ఏమే, ఒసే, యెషీ, పీత మొహందానా అన్న మనిషి, మీకు శ్రమే అంది.

సరే చూస్తాను అని పెట్టేశాను. చూస్తాను అన్నాను మళ్ళీ.

టిర్ 27

కాగితం పోలేదు.

ఈ డైరీ అట్టకి నేను కుట్టిన గుడ్డ తొడుగు లోపలే ఉంది. ఇన్నాళ్ళూ దాని మీదే చెయ్యి ఆనించి రాస్తున్నాను. ఇప్పుడే కుట్టు విప్పి తీశాను. మడతల దగ్గర కాస్త చిరిగింది, ముద్ర చక్కగా కనబడుతోంది. వెనక పెన్సిలుతో "అందింది", తేదీ, నా సంతకం. ఆఫీసు అలవాటు. ఆమె ఇచ్చిన రోజే, ఆమె వంటింట్లోనే కూర్చుని రాశాను.

ఇది చూపిస్తే పోయిందని అబద్ధమాడింది కూడా తెలిసిపోతుంది. పింఛను ఆపుతారా? తెలియదు. ఎవరినీ అడగలేను.

ఇంజెరా సగం చింపి వదిలేశాను.

టిర్ 28

పొద్దున్నే వెళ్ళాను. నేను పనిచేసిన ఆఫీసే, గోడల రంగు మారింది. నా కుర్చీలో ఒక అమ్మాయి, ఇరవై ఐదుంటాయేమో, కంప్యూటరు. నన్నెవరూ గుర్తుపట్టలేదు. బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆ బెంచీ అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు, నేనెప్పుడూ అటు పక్కనే కదా ఉన్నది.

నా పిలుపు వచ్చింది. కాగితమూ, రాసుకొచ్చిన సాక్ష్యమూ ఇచ్చాను. అమ్మాయి చదివింది. ఇంకోసారి చదివింది.

"అమ్మా, ఇందులో మీరు కాగితం తీసుకుని ఇవ్వలేదని రాశారు. తెలిసే 'లేదు' అని టైపు చేశారని రాశారు."

"అవును."

"ఇది ఫైల్లోకి వెళ్తుంది. మిమ్మల్ని పిలిపించొచ్చు. కావాలంటే 'పొరపాటున' అని ఒక్క మాట కలపండి, నేను ఆగుతాను." మంచి పిల్ల. గొంతు తగ్గించి చెప్పింది.

పెన్ను తీసుకున్నాను. ఆ మాటకి చోటు కూడా ఉంది, వాక్యం చివర. మూత పెట్టి వెనక్కిచ్చేశాను.

"వద్దులే. అలా ఉండనీ," అన్నాను.

ఫారం నింపడం మొదలుపెట్టింది. "అర్జీదారుతో మీకు సంబంధం?"

చుట్టం కాదు. స్నేహితురాలు అని నా నోటితో నేను అనకూడదు.

"పొరుగు," అన్నాను.

అమ్మాయి రెండు చిరునామాలూ చూసింది. ఒకటి ఊరి ఆ కొస, ఒకటి ఈ కొస. పొరుగు అని టైపు చేసింది. రెండు వేళ్ళతో చేస్తుంది, నెమ్మది.

టిర్ 29

వుదినేష్‌కి ఫోన్ చేశాను. ఇచ్చేశాను అన్నాను. కాగితం కూడా అన్నాను.

"పోయిందన్నావు," అంది.

"పోలేదు."

పెట్టేసింది.

టిర్ 30

మనిషి దొరకలేదని తిరువర్క్‌కి చెప్పాను. "అయ్యో, ఇంత తిరిగారు," అంది. తాళాల గుత్తి తిప్పింది.

మెట్లెక్కుతుంటే హిరుత్ అడిగింది. "వస్తానన్న ఆమె రావట్లేదా ఎతియే?"

"ఆమెకి వాళ్ళ ఇంటి దగ్గరే గది వస్తుందిలే."

"మరి మనకి?"

"మనకి లేదు."

ఏమనుకుందో, పిల్లని నా చేతికిచ్చి, "ఒక్క పది నిమిషాలు పట్టుకోండి, స్నానం చేసొస్తా," అంది. గంటకి వచ్చింది. పిల్ల నా మెడ మీద చొంగ కార్చి నిద్రపోయింది.

యెకతిత్ 12

మూల గదిలో మాంసం కొట్టు తెరిచారు. ఎర్ర దీపాలు, పాటలు, దెగెఫు రిబ్బను కత్తిరించాడు. రిఫరీ ముసలాయన ఈల వేశాడు. ఇంకో ఆరు రోజుల్లో పెద్ద ఉపవాసాలు, యాభై ఐదు రోజులు మాంసం ముట్టేవాళ్ళుండరు. ఈ సంగతి తట్టలేదా అని కొట్టువాడిని అడిగితే, "తట్టిందమ్మా, కానీ తిరువర్క్ గారు తొందరపెట్టారు," అన్నాడు దిగులుగా. పాపమనిపించి అరకిలో కొన్నాను.

యెకతిత్ 23

ఆఫీసు నుంచి పిలుపు. వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. అడిగినవాటికి చెప్పాను. తర్వాత కబురు చేస్తామన్నారు. బయటికొచ్చాక తల తేలిగ్గా ఉంది, జ్వరం తగ్గిన మర్నాటిలా.

మెగాబిత్ 1

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. రాయడానికి కూడా ఏమీ లేదు.

మెగాబిత్ 6

మధ్యాహ్నం ఫోన్.

"బోర్డు మీద నా పేరొచ్చింది," అంది వుదినేష్.

"ఆహా."

"గది కూడా చూపించారు. చిన్నదే. మర పట్టింది. నిన్న పెట్టించాం."

"మంచిదే."

అవతల ఏదో ఇనుము కింద పడింది, ఎవరినో కసిరింది. మళ్ళీ నాతో, "నిన్ను ఏమైనా అన్నారా ఆఫీసులో?"

"ఇంకా ఏమీ అనలేదు. అంటారేమో."

"ఊఁ."

ఇక పెట్టేస్తుందనుకున్నాను.

"ఇటొచ్చేటప్పుడు పెద్ద బస్సెక్కకు," అంది ఉన్నట్టుండి. "చుట్టూ తిప్పుతాడు. మినీబస్సెక్కు. మీ గేటు ముందు నిలబడితే సీటుండదు, అక్కడికొచ్చేసరికి నిండిపోద్ది. నాలుగడుగులు వెనక్కెళ్ళి నీళ్ళ ట్యాంకు దగ్గర ఎక్కు. అక్కడైతే ఖాళీగా వస్తుంది."

"మా ట్యాంకు సంగతి నీకెలా తెలుసు?" అన్నాను.

పెట్టేసింది.

కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. ట్యాంకు ఇక్కడి నుంచి కనబడదు, గేటు మాత్రమే కనబడుతుంది. ఏ రోజు వచ్చిందో, ఎంతసేపు నిలబడిందో, ఎందుకు వెనక్కి పోయిందో. ఏ రోజైనా నేను ఇంట్లోనే ఉండి ఉంటాను. నేనెక్కడికి పోతాను గనక.